సుద్దబిళ్ల రుచి

కుట్టుకొట్టు మీది గది,
ఫిబ్రవరి 6

వదినా,

ఫోనులో మనిద్దరికీ పొసగదని పోయిన నెల తేలిపోయింది కదా. నీ గొంతు పెరిగితే నా గొంతు పెరుగుతుంది. మధ్యలో అన్నయ్య ఫోను లాక్కుని ఇద్దర్నీ కాసిని మంచినీళ్లు తాగమంటాడు. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డం రాలేవు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే.

ముందుగా ఒక విషయం. పొయ్యి ముట్టించక నేటికి అయిదు నెలలు. దాని మీద గుడ్డ కప్పి, కోటు కొలతల కాగితాలు పెట్టుకుంటున్నాను. నిప్పు తగిలిన తిండి ఏదీ నా నోట్లోకి వెళ్లలేదు. పాలూ గుడ్డూ కూడా మానేశాను. నువ్వు దీన్ని పిచ్చి అన్నావు. సరే. కానీ ఆరేళ్లుగా నెలకి ఏడెనిమిది రోజులు కిటికీలు మూసుకుని, తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని పడుకున్నదాన్ని, గత పదకొండు వారాల్లో ఒక్క పూట కూడా పడుకోలేదు. ఒక్క పూట కూడా. దాని విలువ నీకు తెలియదు. ఎందుకంటే నా తలనొప్పి వంక అనుకున్నదానివి నువ్వు. అనుకోవడమే కాదు, ఫోనులో అనేశావు కూడా.

ఇది మాన్పించాలని చూడకు. మానకుండా ఉండటమే నాకు చాలినంత కష్టంగా ఉంది. ఎదురు గది ఫొటోగ్రాఫరు మధ్యాహ్నం పన్నెండున్నరకి నూనెలో ఉల్లిపాయలు వేస్తాడు. గడియారం తప్పినా ఆయన తప్పడు. ఆ వాసన గుమ్మం కింద నుంచి చుట్టంలా లోపలికి వస్తుంది. నేను దోసకాయ కొరుకుతూ కూర్చుంటాను. కసి కొద్దీ కొరుకుతాను. నిన్న రాత్రి కలలో ఒక రొట్టెముక్క కనిపించింది. దాని మీద ఏమీ లేదు, ఉత్త రొట్టె, అంచు కాస్త మాడింది. లేచేసరికి దిండు తడిసి ఉంది.

ఇలా రాసినందుకు, చూశావా అని అన్నయ్యతో అనకు.

నీ మరదలు


పెద్దాసుపత్రి వంటశాల,
ఫిబ్రవరి 15

దారప్పోగూ,

మీ అన్నయ్య నీకు చిన్నప్పుడు పెట్టిన ఈ పేరు ఇప్పుడు నిజమవుతోందని నా భయం. పోయిన నెల పంపిన ఫొటోలో నీ మెడ ఎముకల గుంటల్లో రెండు గుండీలు పెడితే కదలకుండా నిలుస్తాయి.

కూరగాయల ముక్కలు తరిగించి, బియ్యం ఉడకడానికి పెట్టి, ఈ మధ్యలో దొరికిన పావుగంటలో రాస్తున్నాను. కాగితానికి పసుపు మరకలు ఉంటే సర్దుకో. నూట నలభై మందికి వండేదాన్ని, ఒక్క ఆడబిడ్డకి అన్నం పెట్టలేకపోయానన్న ఉక్రోషం నాకు లేదంటే అబద్ధం. అది నీకు తెలుసు. అది పక్కన పెడదాం.

తలనొప్పి తగ్గిందంటే సంతోషమే. నమ్ముతున్నాను. అయితే నా పనిలో నేర్చుకున్నది ఒకటి చెబుతాను. ఇక్కడ ప్రతి పళ్లేనికీ ఒక చీటీ కడతారు. ఈయనకి ఉప్పు వద్దు, ఆవిడకి చక్కెర వద్దు, ఈ పిల్లాడికి పాలు పడవు, ఇలా. ఇరవై రెండేళ్లలో ఒక్క చీటీ కూడా "వద్దు" దగ్గర ఆగిపోవడం నేను చూడలేదు. వద్దన్న ప్రతిదానికీ ఎదురుగా "బదులు" అని ఇంకోటి రాసి ఉంటుంది. పాలు వద్దంటే బదులు ఇది, గుడ్డు వద్దంటే బదులు అది. బదులు లేని చీటీ వస్తే మా పర్యవేక్షకురాలు వెనక్కి పంపేస్తుంది.

నీ చీటీలో నాకు వద్దులే కనబడుతున్నాయి. బదులేవి? పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం తింటున్నావో రాయి. దాచకుండా రాయి.

మీ అన్నయ్య ఇవాళ ఏదో ఆఫీసులో లిఫ్టు ఇరుక్కుంటే పొద్దుటే వెళ్లాడు. నీ సంగతి ఎత్తితే, దాని మానాన దాన్ని వదిలెయ్యి అంటాడు. ఆయనకేం, రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగడం తెలుసు కానీ, తలుపేసుకుని కూర్చున్నవాళ్లని ఎలా పిలవాలో తెలియదు.

వదిన


కుట్టుకొట్టు మీది గది,
మార్చి 10

వదినా,

అడిగావుగా, విను. లేవగానే నిమ్మకాయ నీళ్లు. తొమ్మిదింటికి పళ్లు, కడుపు నిండా. మధ్యాహ్నం మొలకలు, తరిగిన ఆకుకూర, క్యారెట్టు, దోసకాయ. నాలుగింటికి నానబెట్టిన బాదం పది. రాత్రికి మళ్లీ ఆకుకూర, కొబ్బరి. ఇంకా, మా పచ్చితిండి బృందంలో మొలకలావిడ ఇచ్చే ఆకుపచ్చ పొడి రోజూ ఒక చెంచా. నీరున్నచోట పెరిగే నాచు అది. గుడ్డులో పాలల్లో ఉన్నవన్నీ దాన్లో ఉన్నాయట. ఇదుగో నీ బదులు. మీ పర్యవేక్షకురాలికి చూపించుకో.

ఆమె మంచిది వదినా. పార్కు పక్క హాల్లో ప్రతి ఆదివారం పన్నెండుమందిమి చేరతాం. అందరం ఏదో ఒక జబ్బుతో విసిగిపోయి వచ్చినవాళ్లమే. అక్కడ ఎవరూ నాది వంక అనలేదు.

తినాలన్న యావ సంగతి కూడా అడుగుతావని తెలుసు. రకరకాల ఉపాయాలు చేస్తాను. పళ్లు తోముకుంటాను. కిందికి దిగి వీధి చివరిదాకా నడిచి వస్తాను. ఖర్జూరం నోట్లో పెట్టుకుని కొరకకుండా అరగంట ఉంచుకుంటాను. అయినా ఒక్కోసారి చచ్చేంత కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. పోయిన వారం కొట్లో ఒక పెద్దమనిషి చేతిలో కాగితం పొట్లం పట్టుకుని, వేయించిన ఆలుగడ్డలు తింటూ నడుము కొలత ఇస్తున్నాడు. టేపు ఆయన చుట్టూ తిప్పుతూ నాకు ఏడుపు వచ్చేసింది. ఏమ్మా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. కంట్లో నలుసు పడిందన్నాను.

నీ నోరు మూయించడానికి రక్తపరీక్ష కూడా చేయించుకున్నాను. నకలు జత చేశాను. రక్తం పాళ్లు కాస్త తగ్గాయి, అది ఏ ఆడదానికి ఉండదు. కణాల సైజు దగ్గర నుంచి మిగతావన్నీ గీత గీసినట్టు సరిగ్గా ఉన్నాయి. అయిదారు నెలలు గడ్డి తిన్న మేక రిపోర్టు ఇది. చూసుకో.

ఇక్కడ పని బాగానే ఉంది. మొన్న ఒక తెల్లచొక్కా ముందుభాగం మీద మూడు ఎర్రచుక్కలు పడ్డాయి. సూదులు మంచివి రావడం లేదు ఈమధ్య. కొట్టు నడిపే మాస్టరు కొత్త గుడ్డ ఇచ్చి మళ్లీ కుట్టమన్నాడు.

నీ మరదలు


పెద్దాసుపత్రి వంటశాల,
ఏప్రిల్ 2

దారప్పోగూ,

నీ రిపోర్టు పట్టుకుని ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసే నా స్నేహితురాలి దగ్గరికి వెళ్లాను. నేను మూర్ఖురాలినే కావచ్చు, ఆమె కాదు. ఆమె రిపోర్టు చూసి సరిగ్గానే ఉంది అంది. నేను ఉసూరుమని లేవబోతుంటే, ఈవిడ ఏం తింటుంది అని అడిగింది. నీ జాబితా చదివి వినిపించాను. మళ్లీ కూర్చోమంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. ఒంట్లో ఇనుము తగ్గితే రక్తకణం చిన్నదవుతుందట. బి పన్నెండు అనే విటమిను తగ్గితే కణం పెద్దదవుతుందట. రెండూ ఒకేసారి తగ్గితే సగటు సరిగ్గా వచ్చి కూర్చుంటుందట. ఇద్దరు దొంగలు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నట్టు. పైగా నువ్వు తినే ఆకుకూరల్లో ఉన్న ఇంకో మంచి విటమిను ఈ లోటుని రక్తంలో పైకి తేలనివ్వదట. రక్తం బాగానే ఉన్నట్టు కనబడుతుంటే లోపల నరాలు దెబ్బతింటాయట. ఆ పన్నెండోది ఆకుల్లో లేదు, పళ్లల్లో లేదు. నాచుపొడిలో ఉన్నది దాని వేషం వేసుకున్నదే కానీ అది కాదట, ఒంటికి పనిచేయదు. దానికి వేరే పరీక్ష ఉంది. ఆ పేరు వెనక రాశాను. వెళ్లి చేయించుకో.

ఇంకోటి. ఇది నేను కనిపెట్టింది. నీ ఫిబ్రవరి ఉత్తరమూ మార్చి ఉత్తరమూ పక్కపక్కన పెట్టాను. ఫిబ్రవరిలో నీ అక్షరాలు నువ్వు చేత్తో కుట్టే గుండీ కాజాల్లా ఉన్నాయి, ఎప్పట్లాగే. మార్చిలో కాగితం వెనక దాకా గుచ్చుకున్నాయి. కొన్నిచోట్ల కలం కాగితాన్ని చించేసింది. కలం ఎంత గట్టిగా పట్టుకున్నావో నీకు తెలిసిందా? తెల్లచొక్కా మీద చుక్కలు పడ్డప్పుడు సూది గుచ్చుకోవడం తెలిసిందా?

అరికాళ్లు ఎలా ఉన్నాయి? తిమ్మిర్లు ఉన్నాయా? మా స్నేహితురాలు అడగమంది. జవాబు రాయి. అడ్డదారి జవాబు వద్దు.

వదిన


కుట్టుకొట్టు మీది గది,
ఏప్రిల్ 20

వదినా,

నా ఉత్తరాలు ప్రయోగశాలకి పంపించడానికి రాయలేదు.

కాళ్లూ చేతులూ కాస్త జివ్వుమంటున్నాయి. అయితే ఏం? మొలకలావిడని అడిగాను. ఏళ్ల తరబడి పేరుకున్న చెడు బయటికి పోయేటప్పుడు అలాగే ఉంటుందంది. ఆమెకీ మొదటి ఏడాది ఉందట. వేలి కొసలు మొద్దుబారితే మాత్రం కొంప మునిగిందా, నేను వేలితొడుగు వేసుకుని కుట్టేదాన్ని.

నీకు చెప్పకూడదనుకున్న సంగతి ఒకటి చెబుతాను, అప్పుడైనా అర్థమవుతుందేమో. పోయిన శనివారం ఉండబట్టలేక రొట్టె తిన్నాను. ఫొటోగ్రాఫరు తలుపు తెరిచే ఉంది, బల్ల మీద ఉంది, అడిగాను, ఇచ్చాడు. నిలబడే నాలుగు ముక్కలు తిన్నాను. ఆయన వెన్న రాస్తానన్నా ఆగలేదు. ఆదివారం పొద్దుట ఎడమ కణత మీద మొదలైంది. సాయంత్రం దాకా గోడకేసి తల ఆనించుకుని కూర్చున్నాను. ఇరవయ్యో వారం, ఇరవై ఒకటో వారం అని లెక్కపెట్టుకున్నదంతా నాలుగు ముక్కలతో పోయింది.

ఒక పక్క జివ్వుమనే కాళ్లు, ఇంకో పక్క ఆ తలనొప్పి. ఏది కావాలో నువ్వే చెప్పు. నీకెప్పుడైనా అలాంటి నొప్పి వచ్చిందా? రాలేదు. కాబట్టి పరీక్ష గిరీక్ష అని రాయకు.

నీ మరదలు


కుట్టుకొట్టు మీది గది,
మే 18

వదినా,

నాకు జవాబు రాయకుండా మాస్టరుకి రాశావు. నా పైవాడికి. నేను పనిచేసే చోటికి.

ఆయన నీ ఉత్తరం నా ముందు పెట్టాడు. దాచే మనిషి కాడు. చదివాను. "ఆమె వేళ్లు మొద్దుబారుతున్నాయి, సూదీ కత్తెరా పట్టే పని కాబట్టి ఒక కంట కనిపెట్టండి" అని రాశావు. కనిపెట్టాడు వదినా. బాగా కనిపెట్టాడు. అప్పటిదాకా సుద్దబిళ్లలు తరిగిపోతుంటే ఎలకలు అనుకున్నాడట. నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు నన్ను గమనించాడు. మూడో రోజు భోజనాల వేళ అందరూ బయటికి వెళ్లాక వెనక్కి వచ్చాడు. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద ఉంటుందే, బిళ్లగా, అంచు పలచగా, అది నేను కొరుకుతున్నాను. నా పెదాలకి తెల్లగా అంటుకుని ఉంది.

అవును. తింటున్నాను. మార్చి నుంచి. ఎందుకో నాకు తెలియదు. ఉల్లిపాయల వాసన లాంటిది కాదు అది. నోట్లో ఆ పొడి కరిగితే ఒళ్లంతా నెమ్మదిస్తుంది. సిగ్గుతో చచ్చిపోతూ తినేదాన్ని. ఈ లోకంలో ఎవరికీ తెలియకూడదనుకున్న ఒక్క సంగతినీ నువ్వు ఎనిమిది వందల అడుగుల కొట్లో, మాస్టరు కళ్లద్దాల ముందు నిలబెట్టావు.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. నెమ్మదిగా, "కొన్నాళ్లు చేతిపని వద్దులేమ్మా, వచ్చినవాళ్ల కొలతలు రాసుకో" అన్నాడు. పందొమ్మిదేళ్లుగా ఆ కొట్టుకి కోటు కాజాలన్నీ నా చేతివి. ఇప్పుడవి పక్క బల్ల మనిషి కుడుతోంది. కాజాకి కాజాకి పొడవు తేడా. చూస్తూ కూర్చోవాలి.

ఇక రాయకు.


పెద్దాసుపత్రి వంటశాల,
మే 26

దారప్పోగూ,

రాయకన్నావు. రాస్తున్నాను. చింపెయ్యాలనుకుంటే చదివాక చింపు.

నీ మేలు కోరి మాస్టరుకి రాశానని చెప్పబోయాను. నాలుగు కాగితాలు పాడయ్యాయి. నిజం అది కాదు. మేలు కొంత ఉంది. కోపం ఎక్కువ ఉంది. నా మాట వినలేదు, మొలకలావిడ మాట విన్నావు. ఎలాగైనా నా మాట నెగ్గాలనుకున్నాను. ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికి నడుస్తుంటే గెలిచినట్టు అనిపించింది. ఆ అనిపించడం గుర్తొస్తే ఇప్పుడు అన్నం సయించడం లేదు.

తలనొప్పి వంక అన్నాను. అది కూడా కోపంలోనే. నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడల్లా మొదటి పూట తిని రెండో పూట పడుకునేదానివి. నా వంట నచ్చక పడుకుంటున్నావని ఆరేళ్లు నమ్మాను. నూట నలభై పళ్లేలు ఖాళీగా వెనక్కి వస్తే పొంగిపోయేదాన్ని, నీ ఒక్క పళ్లెం దగ్గర నా బుద్ధి పనిచేయలేదు. తప్పు నాది.

సుద్ద సంగతి నా స్నేహితురాలికి చెప్పలేదు. నీ పేరు లేకుండా, ఎవరైనా అలా తింటే ఏమిటని అడిగాను. ఇనుము లోటు ముదిరినవాళ్లకి అలాంటి కోరిక పుడుతుందట. మట్టి, బియ్యం, మంచుముక్కలు, సుద్ద, ఏదైనా. అది బుద్ధి చేసే పని కాదు, రక్తం చేసే పని అంది. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. వింటున్నావా, ఏమీ లేదు.

మాస్టరుకి రాసినందుకు క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. పరీక్ష చేయించుకోమని మాత్రం మళ్లీ అడుగుతాను. ఇది నెగ్గడానికి కాదు.

వదిన


జనరల్ ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు,
జులై 9

వదినా,

నేనే రాస్తున్నాను. అక్షరాలు చూసి భయపడకు.

పోయిన గురువారం పొద్దుట మొహానికి సబ్బు రాసుకున్నాను. కళ్లు మూసుకున్నాను, అందరూ మూసుకున్నట్టే. అంతే, నేల ఎటు ఉందో తెలియలేదు. కాళ్ల కింద గచ్చు ఉన్నట్టే లేదు. పడిపోయాను. కుళాయి తగిలి కనుబొమ్మ చిట్లింది. చప్పుడు విని ఫొటోగ్రాఫరు తలుపు నెట్టుకుని వచ్చాడు. నా మొహం నిండా సబ్బూ రక్తమూ. ఆయనకి చేతులాడక, తువ్వాలు బదులు తన కెమెరా గుడ్డ అద్దాడు.

ఇక్కడ చిన్నవయసు డాక్టరమ్మ ఉంది. కుట్లు వేసి పంపేస్తుందనుకున్నాను. ఎలా పడ్డారు అని అడిగింది. చెప్పాను. లేచి, పాదాలు దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకోమంది. మూసుకున్నాను. పక్కకి ఒరిగిపోతుంటే పట్టుకుంది. ఇనుప పట్టకారులాంటి దాన్ని మోగించి నా కాలి బొటనవేలి మీద పెట్టి, అదురు తెలుస్తోందా అంది. తెలియడం లేదు. ఎన్నాళ్లుగా అని అడిగితే, ఈసారి నాకు అబద్ధం నోటికి రాలేదు. జనవరి నుంచి అన్నాను. ఫిబ్రవరిలో నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే ఉంది వదినా.

నువ్వు రాసిన పరీక్షే చేశారు. ఉండాల్సిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదట. ఇనుము నిల్వలు అడుగంటాయి. అసలు పాలూ గుడ్డూ మానకముందు కూడా, తలనొప్పికి భయపడి ఏళ్లుగా అరకొరగానే తింటున్నాను కదా, లోటు అప్పుడే మొదలై ఉంటుంది, ఈ ఏడాది అది బయటపడిందంది. రోజు విడిచి రోజు సూది వేస్తున్నారు. సూది నొప్పి తెలియడం లేదు. పక్క మంచం ఆవిడ నా ధైర్యం చూసి మెచ్చుకుంటోంది.

నాకు ఎవరి మీద కోపమో చెప్పనా. నీ మీద కాదు ఇప్పుడు. నీ మాట నిజమైనందుకు కొంచెం ఉంది, అది ఉంటుంది. మొలకలావిడ మీద కూడా పెద్దగా లేదు, నిన్న కమలాపళ్లు పట్టుకుని చూడటానికి వచ్చింది, పాపం చేతిలోంచి పండు జారినా ఆవిడకి తెలియలేదు, ఆవిడ్ని కూడా పరీక్ష చేయించుకోమన్నాను. కోపం నా మీదే. తలనొప్పి పోయిందన్న ఒక్క మంచిని పట్టుకుని, మిగతా ఒళ్లంతా అరుస్తుంటే చెవులు మూసుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు కూర్చున్నాను. వేళ్లు తిరిగి వస్తాయా అని డాక్టరమ్మని అడిగాను. కొన్ని వస్తాయి, అన్నీ వస్తాయని చెప్పలేను అంది. ఆమె కూడా దాచే మనిషి కాదు.

నువ్వు రావద్దు. వస్తే నీ మొహం చూసి ఏడుస్తాను, నువ్వూ ఏడుస్తావు, అన్నయ్య మంచినీళ్లు ఇస్తాడు. రాయి.

నీ మరదలు


పెద్దాసుపత్రి వంటశాల,
జులై 15

దారప్పోగూ,

నీ ఉత్తరం వచ్చినప్పుడు పెద్ద గిన్నెలో సూపు కలుపుతున్నాను. చదివి, మళ్లీ కలుపుతూ కూర్చున్నాను. అడుగంటింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

రావద్దన్నావని రావడం లేదు. సంచీ మాత్రం సర్దుకుని గుమ్మం పక్కన పెట్టాను. మీ అన్నయ్య దాన్ని చూసి బూట్లు వేసుకున్నాడు. రావద్దంది అంటే విప్పాడు. రోజూ ఇదే తంతు.

ఇప్పుడేం తినాలో రాద్దామని కూర్చుంటే మూడు పేజీలు వచ్చింది. చింపేశాను. ఒక్కటే అడుగుతాను. ఇక్కడ ఎవరికి ఏది పడదో తెలియకపోతే, వారానికి ఒక వస్తువు చొప్పున పళ్లెంలోకి తెచ్చి చూస్తారు. ఒకేసారి అన్నీ పెట్టరు. మీ డాక్టరమ్మ ఒప్పుకుంటే అలా చెయ్యి. నీ పచ్చి కూరలు నీవే, వాటిని నేనేమీ అనను. వాటి పక్కన వారానికి ఒకటి. ఏది అన్నది నువ్వే చెప్పు. నేను సలహా ఇవ్వను. ఇవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నానో మీ అన్నయ్యని అడుగు.

వదిన


కుట్టుకొట్టు మీది గది,
సెప్టెంబరు 12

వదినా,

పొయ్యి మీద గుడ్డ తీశాను. కొలతల కాగితాలకి వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది, అదో విసుగు.

డాక్టరమ్మ నీ పద్ధతికి ఒప్పుకుంది. మొదటి వారం గుడ్డు. ఉడికించిన గుడ్డు ముందు పెట్టుకుని గంట కూర్చున్నాను. ఎవరైనా చూస్తే దాన్ని ఏదో పరీక్షకి పిలిచాననుకుంటారు. తిన్నాను. మర్నాడంతా కణత పట్టుకుని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. రెండో వారం అన్నం. ఏమీ రాలేదు. ఏడాది తర్వాత వేడి అన్నం వదినా, దాని గురించి ఏం రాయను. మూడో వారం పాలు, ఫరవాలేదు. నాలుగో వారం ఎదురు గది ఫొటోగ్రాఫరు కొనే ఆ కొట్టు రొట్టె. వచ్చింది. రెండు రోజులు వదలకుండా వచ్చింది. అంటే రొట్టె దోషి అని తీర్మానించుకున్నాను. అయిదో వారం ఏమీ కొత్తది తినలేదు, అయినా మళ్లీ వచ్చింది. గిన్నె తీసి గోడకేసి కొట్టాను. సొట్ట పడింది.

డాక్టరమ్మ దగ్గర అరిచాను కూడా. ఇంత చేసినా ఎందుకొస్తోందో చెప్పరేం అని. ఆమె ఓపిగ్గా విని, "కొన్నిటికి కారణం దొరకదండి, ఎన్నిసార్లు వస్తోందో మాత్రం లెక్క పెట్టండి" అంది. పెట్టాను. రెండు నెలల్లో నాలుగు. ఇదివరకు పదహారు ఉండేవి. తలనొప్పికి వేరే మందు ఇచ్చింది, నొప్పి మొదలవుతోందని తెలియగానే వేసుకోమంది. నాలుగులో రెండింటిని అది మధ్యలోనే ఆపేసింది. ఈ మందు ఆరేళ్ల క్రితం అడిగి ఉంటే అనిపిస్తుంది. అడగలేదు. అడిగితే వంక అంటారనుకున్నాను.

కుడి చూపుడు వేలికి గుడ్డ పోగు తెలుస్తోంది. మధ్యవేలికి సగం. చిటికెన వేళ్లు రెండూ ఇంకా చెక్కే. సుద్ద మీద మనసు పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఒకరోజు చేతిలో పట్టుకుని గీత గీసి కింద పెట్టేశాను, అంతే.

మాస్టరు నన్ను కత్తిరింపు బల్ల దగ్గరికి మార్చాడు. కాజాలు ఇక నావి కావని ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను. పక్క బల్ల మనిషికి నేర్పుతున్నాను. నెమ్మదిగా వస్తున్నాయి, నా అంత బాగా మాత్రం రావు. ఈ మాట ఆవిడతో అన్నాను కూడా. నవ్వింది.

నీ మరదలు


పెద్దాసుపత్రి వంటశాల,
అక్టోబరు 3

దారప్పోగూ,

ఇద్దరం ఇంత కాగితం పాడుచేశాం, ఒకసారి రావచ్చు కదా. మీ అన్నయ్య అడగమన్నాడు. నిజానికి ఆయన అడగలేదు, నేనే అడుగుతున్నాను. వచ్చే నెల నాకు వారం సెలవుంది.

వదిన


కుట్టుకొట్టు మీది గది,
అక్టోబరు 19

వదినా,

వస్తాను. నవంబరు రెండో శుక్రవారం సాయంత్రం బస్సుకి. సూది తర్వాత ఇంకో సూదికి మధ్య నెల గడువు ఇప్పుడు, కాబట్టి నాలుగు రోజులు ఉండగలను. చీకట్లో మెట్లు ఎక్కేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటాను. అన్నయ్య చూసి లిఫ్టు పెట్టిస్తానంటాడేమో, ముందే చెప్పు.

ఒక మాట రాయాలి. ఎదురుగా అనలేను. మాస్టరుకి నువ్వు రాసినదాన్ని నేను క్షమించలేదు. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. నువ్వు రాయకపోయి ఉంటే, ఆయన నా చేతిలోంచి కత్తెర ముందే తీసుకోకపోతే ఏ వేలు తెగేదో. అది కూడా తెలుసు. రెండూ నిజమే. రెండింటిలో ఒకదాన్ని కొట్టేద్దామని చాలా చూశాను, కుదరలేదు. అలాగే వస్తాను.

నువ్వు ఏది వండినా వండు. నా కోసం పచ్చి కూరలు కూడా తరిగి పెట్టు, అవి నాకు ఇష్టమై తింటున్నాను, పంతానికి కాదు. రెండో రోజు తలనొప్పి వస్తే గది కిటికీలు మూసి పడుకుంటాను. నా దగ్గరికి రాకు, పళ్లెం తీసుకురాకు. నీ వంట బాగాలేక కాదు. ఎప్పుడూ బాగానే ఉంది. అది నేను ఆరేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

ఇంకొక్కటే. గుమ్మంలోకి రాగానే ఏం తింటావు అని అడక్కు. ఒంట్లో ఎలా ఉంది అని అడుగు. నిజం చెబుతాను.

నీ మరదలు